గాలికి గాదె కట్టగలమా?

“గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవాలి” అన్నది మన రైతుల అనుభవంలోంచి పుట్టిన సామెత. కళ్లంలో ధాన్యాన్ని చేటతో ఎత్తిపోసే రైతు చేతిలో గాలి వేళలు లేవు. అది వీచినప్పుడు అతడు పని చేస్తాడు. ఆగినప్పుడు చెట్టునీడన కూర్చుంటాడు. గింజలను గాదెలో పోసుకొని సంవత్సరమంతా తింటాడు గాని, ఆ గింజలను పొట్టునుండి వేరుచేసిన గాలిని దాచుకోవాలన్న తలంపు అతనికి ఏనాడూ కలుగలేదు; కలుగవలసిన అవసరమూ లేకపోయింది.

నేటి పరిస్థితి వేరు. అనంతపురం, కర్నూలు ప్రాంతాల కొండలమీద నిలిచిన గాలిమరలు విద్యుచ్ఛక్తిని ఇస్తున్నవి. ఈ విద్యుచ్ఛక్తికి ఒక విచిత్ర స్వభావం కలదు. అది తీగలలోకి వచ్చిన క్షణంలోనే ఎవరో ఒకరు దానిని వాడుకొనవలెను. ఉత్పత్తి, వాడకం సరితూగినంత సేపు మన దేశపు విద్యుత్ వ్యవస్థ సెకనుకు 50 ఆవృత్తుల వద్ద నిలకడగా ఉంటుంది. ఉత్పత్తి చాలకపోతే ఆ సంఖ్య తగ్గుతుంది, మించితే పెరుగుతుంది, హద్దు దాటితే ఊళ్లకు ఊళ్లే చీకటిలో మునుగుతవి. గాలి సంగతి చూడబోతే, దాని వేగం రెండింతలైనప్పుడు అందులోని శక్తి ఎనిమిదింతలవుతుంది. వేగం సగమైతే శక్తి ఎనిమిదవ వంతుకు పడిపోతుంది. కనుక గాలికి కూడ ఒక గాదె కావలసి వచ్చినది. ఆ గాదె ఏది? బ్యాటరీయా? కొండమీది జలాశయమా? ఉదజని వాయువా? భౌతికశాస్త్రం బోధించేవాడిగా, ఈ ప్రాంతంలోనే పుట్టి పెరిగినవాడిగా నాకు తోచిన నాలుగు మాటలను మన కళాశాల పత్రిక పాఠకుల ముందు ఉంచదలచినాను.

ఈ విషయంలో నా మొదటి గురువు ఏ విశ్వవిద్యాలయంలోనూ లేడు. మా అబ్బాకు బస్టాండు సమీపంలో ఒక చిన్న బ్యాటరీ చార్జింగు షాపు ఉండేది. సెలవు దినాలలో నేను అక్కడ కూర్చొని, బ్యాటరీలలో డిస్టిల్డ్ వాటర్ పోయడం, హైడ్రోమీటరుతో ఆమ్లం చిక్కదనాన్ని చూసి పలకమీద వ్రాయడం చేసేవాడిని. ఆమ్లం చుక్క పడి చిల్లులు పడని చొక్కా మా ఇంట్లో ఒక్కటీ లేదు. బ్యాటరీ కొనడానికి ఎవరు వచ్చినా అబ్బా వెల చెప్పేవాడు కాదు. “ముందు పని చెప్పు నాయనా, బ్యాటరీ సంగతి తర్వాత చెప్తాను” అనేవాడు. లారీ డ్రైవరుకు కావలసినది కొన్ని సెకన్లపాటు ఇంజనును తిప్పే బలం. ఉరుసులకు, పెండ్లిండ్లకు మైకు సెట్టు పెట్టేవానికి కావలసినది తెల్లవార్లూ సన్నగా సాగే ధార. మొదటిదానిలో పలుచని పలకలు ఎక్కువగా ఉంటవి; రెండవదానిలో మందమైన పలకలుంటవి. “వెల తక్కువ కదా భాయ్” అని లారీ బ్యాటరీని మైకుకు తీసుకొనిపోయినవాడు కొద్ది నెలలలోనే తిరిగి వచ్చేవాడు. విప్పి చూస్తే పలకలమీది పదార్థమంతా అడుగున బురదవలె చేరి ఉండేది. ఏది మంచి బ్యాటరీ అన్న ప్రశ్న అబ్బా దృష్టిలో ప్రశ్నే కాదు. ఎంత బలం, ఎంత సేపు, ఏడాదికి ఎన్ని మార్లు అన్నవి మూడే అసలు ప్రశ్నలు. గాలిమరల నిల్వను గురించి తరువాతి కాలంలో నేను ఎన్ని గ్రంథాలు చదివినా, ఈ మూడు ప్రశ్నలను మించిన కొలబద్ద నాకు కనబడలేదు.

ఈ సమస్య నిన్నటిది కాదు. 1887లో స్కాట్లండు దేశంలోని మేరీకర్క్ గ్రామంలో ఆచార్య జేమ్స్ బ్లైత్ గాలిమరతో విద్యుత్తు పుట్టించి, దానిని బ్యాటరీలలో నింపి తన ఇంటికి దీపాలు పెట్టుకొన్నాడు. మిగిలిన విద్యుత్తుతో గ్రామపు వీధికి వెలుగిస్తానంటే, అది సైతాను పని అని గ్రామస్థులు నిరాకరించినారట. ఆ తర్వాత కొద్ది నెలలకే అమెరికాలోని క్లీవ్‌లాండులో చార్లెస్ బ్రష్ తన తోటలో ఒక బ్రహ్మాండమైన గాలిమరను నిలిపి, నేలమాళిగలో వందలాది బ్యాటరీ గిన్నెలను వరుసలు పేర్చి, దాదాపు 20 సంవత్సరాలు తన భవనాన్ని వెలిగించుకొన్నాడు. 1891లో డెన్మార్కు దేశపు అస్కోవ్ గ్రామంలో పౌల్ లా కూర్ అనే ఉపాధ్యాయుడు మరొక మార్గం త్రొక్కినాడు. ఆయన గాలి విద్యుత్తుతో నీటిని విడగొట్టి, ఉదజనిని తొట్టెలో నిల్వచేసి, ఆ వాయువుతో తన పాఠశాలలో దీపాలు వెలిగించినాడు. ఉదజనిలో కొంచెం ప్రాణవాయువు కలిసి ప్రేలినందువల్ల పాఠశాల కిటికీ అద్దాలు పలుమార్లు పగిలినవి. అయినను ఆయన ప్రయోగం మానలేదు. గాలి విద్యుత్తు పుట్టిన మొదటి నాలుగైదు సంవత్సరాలలోనే నిల్వ ప్రశ్న కూడ పుట్టినదని, దానికి అప్పుడే రెండు వేరు వేరు సమాధానాలు వచ్చినవని విద్యార్థులు గమనింపవలెను.

ఇక అబ్బా అడిగిన మొదటి రెండు ప్రశ్నలను గాలిమరలకు అన్వయించి చూద్దాము. కొన్ని సెకన్ల, నిమిషాల అవసరం ఒకటి. 2016 సెప్టెంబరు 28న దక్షిణ ఆస్ట్రేలియాలో పెనుతుపాను వీచి, విద్యుత్ స్తంభాలు కూలి, ఆ రాష్ట్రమంతా చీకటైనది. మరుసటి సంవత్సరం డిసెంబరు నాటికి హార్న్స్‌డేల్ గాలిమరల క్షేత్రం ప్రక్కన 100 మెగావాట్ల లిథియం బ్యాటరీని నెలకొల్పినారు. అప్పటి దాని నిల్వ 129 మెగావాట్ గంటలు. అనగా పూర్తి బలంతో వాడితే ఒకటింపావు గంటకు మించి రాదు. రాష్ట్రాన్ని రాత్రంతా పోషించడం దాని పని కాదు. ఆవృత్తి తగ్గిన మరుక్షణంలో, ఇతర యంత్రాలు మేల్కొనేలోపల, అది భుజం పట్టుతుంది. అది లారీ బ్యాటరీ వంటిది.

రెండవది కొన్ని గంటల అవసరం. మధ్యాహ్నం, అర్ధరాత్రి మిగిలిన విద్యుత్తును సాయంకాలపు దీపాల వేళకు తీసుకొనిపోవడం. ఇక్కడ పోటీ ప్రధానంగా లిథియం బ్యాటరీకి, నీటిని ఎత్తి పోసే పద్ధతికి మధ్య ఉన్నది. జపానులోని రొక్కాషోలో 51 మెగావాట్ల గాలిమరలకు తోడుగా 34 మెగావాట్ల సోడియం–గంధకం బ్యాటరీని 2008లోనే పెట్టినారు. దానిలోని ద్రవాలను సుమారు 300 డిగ్రీల వేడిమిలో ఉంచవలెను. చైనాలోని దాలియన్‌లో 2022లో వెనేడియం ద్రావణంతో నడిచే 100 మెగావాట్ల బ్యాటరీ పనిలోకి వచ్చినది. ఇవన్నీ గొప్ప ప్రయత్నాలే. కాని నేడు వెలలోను, లభ్యతలోను ముందున్నది లిథియమే. దాని మూలపురుషులైన గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించినది. అప్పటికి గుడెనఫ్ వయస్సు 97 సంవత్సరాలు. మా విద్యార్థులు ఒక పరీక్ష తప్పగానే ఇక వయస్సు మించినదని దిగులు పడినప్పుడు నేను ఈ మాట చెప్పుచుంటాను.

లిథియంలోనూ రకాలు కలవు. గాలిమరల క్షేత్రానికి బరువు తగ్గించుకోవలసిన అవసరం లేదు. అది కారు కాదు, పరుగెత్తదు. కనుక కొంచెం బరువైనా, కోబాల్టు, నికెల్ అవసరంలేని ఇనుము–ఫాస్ఫేటు రకమే ఇక్కడికి తగినది. అది త్వరగా నిప్పంటుకోదు. ఎక్కువ మార్లు నింపి వాడుకోవచ్చును. నింపిన 100 యూనిట్లలో సుమారు 85 నుండి 90 యూనిట్లు తిరిగి ఇస్తుంది. అయితే రాయలసీమ ఎండలను మరువరాదు. వేసవిలో 40 డిగ్రీలు దాటే చోట బ్యాటరీ పెట్టెలను చల్లబరచక తప్పదు. ఆ చల్లదనానికి అయ్యే విద్యుత్తును కూడ లెక్కలో కలుపుకొనవలెను. చల్లని దేశంలో కొలిచిన ఆయుర్దాయాన్ని మన ఎండలో అట్లే నమ్ముట వివేకం కాదు.

ఇక నీటి గాదె. పగలు నీటిని పైజలాశయానికి తోడి, రాత్రి క్రిందికి వదలి, అదే నీటితో యంత్రాలు త్రిప్పుట దీని సూత్రం. 100 యూనిట్లు ఖర్చు పెడితే 75 నుండి 80 యూనిట్లు తిరిగి వస్తవి. బ్యాటరీకన్న కొంత తక్కువే గాని, దీని ఆయుర్దాయం అనేక దశాబ్దాలు. ఇంటర్మీడియట్ విద్యార్థి కూడ దీని లెక్కను కాగితంమీద వేయగలడు. ఒక ఘనపు మీటరు నీటిని 100 మీటర్లు ఎత్తితే అందులో నిలిచే శక్తి 9,80,000 జౌళ్లు. ఒక యూనిట్ అనగా 36,00,000 జౌళ్లు. కనుక నష్టాలు వదలివేసినా ఒక్క యూనిట్‌కు మూడు ఘనపు మీటర్లకు పైగా నీరు కావలెను. 100 మెగావాట్లను 6 గంటలు నిలపవలెనంటే 6 లక్షల యూనిట్లు. దానికి దాదాపు 22 లక్షల ఘనపు మీటర్ల నీరు. అది ఒక టి.ఎం.సి.లో పదమూడవ వంతు. అంత నీటికి పైన ఒక చెరువు, క్రింద ఒక చెరువు, నడుమ నిటారైన కొండ ఉండవలెను. కొండ ఎత్తు రెండింతలైతే నీరు సగం చాలును.

మనకు ఈ విద్య క్రొత్త కాదు. నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలోని 8 యంత్రాలలో 7 యంత్రాలు, ఒక్కొక్కటి 100.8 మెగావాట్లవి, నీటిని తిరిగి పైకి తోడగలవు. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్ల యంత్రాలు ఆరింటికీ ఆ శక్తి కలదు. కాని సాగర్ కథలో ఒక పాఠమున్నది. క్రిందికి వదలిన నీరు నిలిచే టెయిల్‌పాండ్ లేనిదే పైకి తోడడానికి నీరెక్కడిది? యంత్రాలు వచ్చిన దశాబ్దాల తర్వాత గాని ఆ టెయిల్‌పాండ్ పూర్తి కాలేదు. గాదెకు తలుపు పెట్టి అడుగు వేయనట్లయినది. నిల్వ అనునది ఒక యంత్రం కాదు, ఒక జత. జతలో ఒకటి కొరవడితే రెండవది అలంకారమే.

నేడు నదికి దూరంగా రెండు జలాశయాలు కట్టి, ఒకసారి నీరు నింపి, ఆ నీటినే పైకి క్రిందికి త్రిప్పుకొనే పద్ధతి వచ్చినది. పాణ్యం మండలంలోని పిన్నాపురంవద్ద 2022లో శంకుస్థాపన జరిగిన 1,680 మెగావాట్ల పథకం అట్టిది. దానికి నీరు గోరకల్లు జలాశయంనుండి వచ్చే ఏర్పాటు. స్పెయిను దేశానికి చెందిన ఎల్ హియెర్రో అనే చిన్న ద్వీపంలో 2014నుండి 11.5 మెగావాట్ల గాలిమరలు, ఆరిపోయిన అగ్నిపర్వతపు గుంటలో కట్టిన పైజలాశయం కలిసి పని చేస్తున్నవి. కొన్ని దినాలపాటు వరుసగా డీజిల్ లేకుండా ఆ ద్వీపం గడిపినది. అయినను డీజిల్ కేంద్రాన్ని మూసివేయలేదు. గాలి వారం దినాలు పడిపోతే ఆ జలాశయం చాలదు.

ఒకసారి నింపిన నీరే అన్న మాట నిజమే గాని సంపూర్ణ సత్యం కాదు. మన ఎండకు జలాశయంమీది నీరు ఆవిరైపోతుంది. ఏటేటా ఆ లోటును పూరించవలెను. కొండ బీడు భూమి అని కాగితంమీద వ్రాయబడి ఉండవచ్చును. అక్కడ గొర్రెలు మేపుకొనేవానికి అది బీడు కాదు, బ్రదుకు. నిల్వకు అయ్యే వెలలో ఆ గొర్రెల మేత కూడ ఒక అంకెగా చేరవలెనని నా మనవి.

వాయువును ఒత్తి భూగర్భ గుహలలో దాచే పద్ధతి జర్మనీలోని హున్‌టార్ఫ్‌లో 1978నుండి ఉన్నది. దానికి ఉప్పుపొరలలో తొలిచిన గుహలు కావలెను. మన అనంతపురం నేల క్రింద ఉన్నది ఉప్పు కాదు, కఠిన శిల. కనుక దానిని ఇక్కడ ఎక్కువగా చర్చించను.

ఇప్పుడు మూడవ ప్రశ్న: ఏడాదికి ఎన్ని మార్లు? మన గాలిలో అధికభాగం మే నుండి సెప్టెంబరు వరకు, నైరృతి ఋతుపవనాలతో వస్తుంది. చలికాలంలో మరలు అనేక దినాలు సోమరులవలె నిలుచుంటవి. శ్రావణమాసపు గాలిని మాఘమాసానికి దాచుకోలేమా అని మా తరగతిలో ఏటా ఒకరైనా అడుగుతారు. ఉదాహరణకు ఒక యూనిట్ పట్టే నిల్వపెట్టె వెల 10,000 రూపాయలు, ఆయుర్దాయం 10 సంవత్సరాలు అనుకొందము. రోజుకొకసారి నింపి వాడితే అది 3,650 యూనిట్లను మోస్తుంది. యూనిట్‌కు పడే కూలి రెండు రూపాయల డెబ్బైనాలుగు పైసలు. ఏడాదికొకసారి మాత్రమే నింపి వాడితే అది జీవితకాలంలో 10 యూనిట్లనే మోస్తుంది. యూనిట్‌కు కూలి 1,000 రూపాయలు. పెట్టె అదే, మారినది వాడకమే. ఋతువునుండి ఋతువుకు గాలిని మోసే బ్యాటరీ లేకపోవడానికి కారణం రసాయనశాస్త్రం కాదు, ఈ భాగహారమే.

అందుచేత దీర్ఘకాలపు నిల్వకు లా కూర్ మహాశయుని ఉదజని మరల జ్ఞాపకానికి వస్తున్నది. వాయువును నెలల తరబడి దాచవచ్చును. కాని నీటిని విడగొట్టి, వాయువును ఒత్తి దాచి, మరల విద్యుత్తుగా మార్చేసరికి 100 యూనిట్లలో 30 లేక 40 మాత్రమే చేతికి వస్తవి. దానిని విద్యుత్తుగా వెనుకకు మార్చక, ఎరువులకు కావలసిన అమ్మోనియా తయారీకి అట్లే వాడుట మేలు. ఉర్దూలో గాలిమరను ‘పవన్ చక్కీ’ అంటారు. చక్కీ అనగా పిండిమర. పూర్వం గాలిమర యజమాని గాలిని దాచలేదు. గాలి ఉన్నప్పుడు పిండి విసిరి, పిండిని బస్తాలలో దాచినాడు. ఉదజనితో ఎరువు చేయుట ఆ పాత వివేకమే.

అదే వివేకం మన చేతిలో ఇంకా చౌకగా ఉన్నది. మన వసతిగృహం మీది నీళ్లట్యాంకు ఒక నిల్వ సాధనమే. గాలి విద్యుత్తు మిగిలిన వేళ మోటారు ఆడించి దానిని నింపితే, సాయంకాలపు ఒత్తిడి అంతమేరకు తగ్గుతుంది. లక్షల వ్యవసాయ మోటార్ల వేళలను గాలికి, ఎండకు సరిపెట్టగలిగితే అది ఏ బ్యాటరీకీ తీసిపోదు. డెన్మార్కు వారు 1970ల చివరిలోనే సముద్ర గర్భంలో తీగలు వేసి నార్వేతో కలిసినారు. నేడు డెన్మార్కులో గాలి మిగిలినప్పుడు నార్వే తన జలాశయాలలో నీటిని ఆపుకొంటుంది. గాలి తగ్గినప్పుడు వదలుతుంది. ఒక్క యూనిట్‌నైనా దాచకుండా దాచినట్లయినది. మనకు ఇందులో ఒక చిక్కున్నది: గాలి ఉధృతంగా ఉండే నెలలలోనే కృష్ణకు వరద కూడ వస్తుంది. జలాశయం నిండి గేట్లు ఎత్తిన దినాన గాలికొరకు నీటిని ఆపలేము. కనుక డెన్మార్కు పాఠాన్ని వరద తగ్గిన నెలలకే వాడుకొనవలెను.

కొన్ని సంవత్సరాల క్రిందట రామగిరి ప్రాంతంనుండి వచ్చిన ఒక విద్యార్థి తరగతిలో లేచి, “సార్, మా కొండమీద రెక్కలు రాత్రంతా తిరుగుతుంటవి. మా ఊళ్లో మాత్రం దీపముండదు. గాలి మాదే కదా సార్?” అని అడిగినాడు. కొండమీది తీగ ఊరికి రాదని, సబ్‌స్టేషనుకు పోయి దేశపు విద్యుత్తులో కలుస్తుందని చెప్పినాను. అది శాస్త్రరీత్యా సరియైన సమాధానమే. కాని అతడు అడిగినది శాస్త్రం ఒక్కటే కాదు. గాదె ఎక్కడ కట్టవలెను, దాని తాళంచెవి ఎవరివద్ద ఉండవలెను అన్నది ఆ ప్రశ్నలోని అంతరార్థం. నిల్వను మరలవద్దనే పెడితే తీగల ఖర్చు తగ్గుతుంది. పెద్ద సబ్‌స్టేషనువద్ద పెడితే రాష్ట్రమంతటి ఒడుదొడుకులను తీర్చుతుంది. ఊరి ఫీడరు చివర పెడితే ఆ ఊరి ఆసుపత్రి, నీళ్ల మోటారు చీకటిలో ఆగవు. మూడింటి ప్రయోజనాలు వేరు, మూడింటి లబ్ధిదారులు వేరు. కేవలం యూనిట్ వెలను చూచి నిర్ణయించే టెండరులో ఆ మూడవవాని గొంతు వినబడదు.

నిల్వపెట్టె చచ్చిన తర్వాతి మాట కూడ ఉన్నది. మా వీధి చివర పాత బ్యాటరీల సీసాన్ని మూకుళ్లలో కరగించేవారు. ఆ పొగను పీల్చుచు ఆడుకొన్న పిల్లలలో నేనూ ఒకడిని. అబ్బా మమ్ములను అటు పోవద్దని కసిరేవాడు. తాను మాత్రం ఆ సీసంతోనే జీవితమంతా గడిపినాడు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు, బ్యాటరీ చేసినవాడే దానిని తిరిగి సేకరించవలెనని చెప్పుచున్నవి. కాగితంమీది ఆ మాట కొండమీద కూడ అమలు కావలెను.

ఇక నా అభిప్రాయం. రోజువారీ నాలుగైదు గంటల అవసరానికి మరలవద్దను, సబ్‌స్టేషన్లవద్దను ఇనుము–ఫాస్ఫేటు లిథియం బ్యాటరీలు. అంతకు మించిన గంటలకు, కొండ అనుకూలించి అక్కడి ప్రజలు అంగీకరించినచోట జలాశయాల జత. ఋతుభేదానికి నిల్వను నమ్ముకోక, ఎండ, గాలి, నీరు కలిసిన పొందిక. మిగులు గాలికి ఎరువుల ఉదజని. వీటన్నిటికన్న ముందు, ఖర్చులేని నిల్వ అయిన మోటార్ల వేళల సవరణ. ఈ క్రమంతో ఏకీభవించనివారు ఉండవచ్చును. వారు తమ లెక్కతో ముందుకు రావలెనని కోరుచున్నాను.

విద్యార్థి సోదర సోదరీమణులారా! మీ మండలంలో ఇట్టి పథకానికి ప్రజాభిప్రాయ సేకరణ సభ జరిగిన దినాన షామియానా క్రింద వెనుక వరుసలో కూర్చొనక, ముందుకు వచ్చి నిలబడండి. ఎంత బలం, ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని మార్లు అని అడగండి. నింపిన 100 యూనిట్లలో ఎన్ని తిరిగి వస్తవో, మన ఎండలో ఎన్నేళ్లు నిలుస్తుందో, ఆవిరైన నీటిని ఎక్కడినుండి తెస్తారో, మేత పోయినవానికి ఏమిస్తారో, చచ్చిన పెట్టెను ఎవరు మోసుకొనిపోతారో అడగండి. జవాబును తెలుగులో గాని, ఉర్దూలో గాని, సభలోని ప్రతి వృద్ధునికి అర్థమయ్యే మాటలలో చెప్పించండి. చెప్పిన అంకెలను నోటుపుస్తకంలో వ్రాసుకొని వచ్చి మా ప్రయోగశాలలో లెక్కకట్టండి. అందుకు మా శాఖ తలుపులు సాయంకాలం ఐదు గంటల తర్వాత కూడ తెరచియే ఉంటవి.